ఎడమ పెద్దది, కుడి చిన్నది

కంప్యూటర్ తెర మీద కాగితం పెట్టి గీసేవాణ్ణి చూస్తే మా ఇంజనీరుకు ఒళ్ళు మండేది. ఆ గీసేవాణ్ణి నేనే. ప్రపంచకప్‌కు ఇంకా మూడేళ్ళు ఉందనగా, దోహాలో ఒక ఫుట్‌బాల్ స్టేడియం చుట్టూ రోడ్లూ మురుగు కాలువలూ వేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసేవాణ్ణి. సైటులో ఒక పోర్టా క్యాబిన్, అందులో నాలుగు టేబుళ్ళు, మూలన ఒక పెద్ద ప్రింటరు. ఆ ప్రింటరు వారంలో మూడు రోజులు పడకేసేది. బయట ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ తలుపు బాదుతుంటే, అది బాగయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు నేను. మానిటర్ మీద ట్రేసింగ్ పేపర్ ఆనించి, కావలసిన ముక్కను పెన్సిల్‌తో ఎక్కించి అతని చేతిలో పెట్టి పంపేసేవాణ్ణి.

నాకు పుట్టుకతోనే కుదురు లేదు. గోదావరి జిల్లాలో మా ఊరి చర్చిలో ప్రార్థన అయ్యేలోపు నాలుగుసార్లు బయటికి వెళ్ళొచ్చేవాణ్ణి. "కాసేపు కూర్చుంటే నీ సొమ్మేం పోయింది రా" అని మా అమ్మ తొడపాశం పెట్టేది. దోహా వచ్చాక అది ఇంకా ముదిరింది. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండదు. పొద్దున ఇచ్చిన డ్రాయింగు సాయంత్రానికి మారిపోతుంది. ఊరంతా తవ్విపోసి పెట్టి, అందరూ అందరినీ తరుముతూ ఉండేవారు. ఆ తొందరలోనే ఒకరోజు పెన్సిల్ దొరక్క బాల్‌పెన్నుతో నొక్కి గీశాను. పెన్ను మొన ఆనిన చోట తెర లోపల నల్లటి మచ్చ ఒకటి పడింది, మళ్ళీ పోలేదు. ఇంజనీరు అందరి ముందూ నన్ను కడిగేశాడు. ఇంకో మానిటర్ పాడైతే క్యాబిన్‌లో కాదు, ఎండలో పని చేస్తావన్నాడు.

అప్పట్నుంచి జాగ్రత్త నేర్చుకున్నాను. మానేయలేదు, జాగ్రత్త నేర్చుకున్నాను.

కాంక్రీటు పొయ్యడానికి చెక్కలు బిగించే షట్టరింగ్ కార్పెంటర్ ఒకతను డ్రాయింగుల కోసం మా క్యాబిన్‌కు వస్తుండేవాడు. జగిత్యాల దిక్కు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి, మాట తక్కువ. నేను తెర మీద గీస్తుంటే తలుపు దగ్గరే నిలబడి చూసేవాడు. ఒకరోజు అడిగాడు.

"సార్, ఫోటోను గూడ గిట్లనే కాగితం మీద దించొచ్చా?"

"ఏం ఫోటో?"

క్యాబిన్‌లో ఉన్న మిగతావాళ్ళ వైపు చూశాడు. "మల్లొస్త సార్" అని వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. మూడో రోజు నాకు చిర్రెత్తి, అతని వెనకే బయటికి వెళ్ళాను.

"అడిగేదేదో అడిగెయ్యవయ్యా. రోజూ ఇలా సగం చెప్పి వెళ్ళిపోతే నాకు అన్నం సహించదు."

కాంక్రీటు పైపుల నీడలో నిలబడి, బూటుతో ఇసుక రాస్తూ చెప్పాడు.

"మా ఆమెకు చెప్పులు కావాలె సార్."

"నజ్మా బజారు నిండా చెప్పులే కదా."

"ఆమె కాళ్ళు ఒక్కతీరుగ ఉండయ్ సార్. చిన్నప్పుడు జరమొచ్చి కుడికాలు సన్నవడ్డది. పాదం గూడ చిన్నగనే ఉండిపోయింది. నడుస్తది, పొలం పని చేస్తది, అన్ని చేస్తది. చెప్పులకాడనే వస్తది లొల్లి."

ఆమె చెప్పులు కొనాలంటే రెండు జతలు కొనాలట. పెద్ద జతలోంచి ఎడమది, చిన్న జతలోంచి కుడిది తొడుక్కుంటుంది. మిగిలిపోయిన చిన్న ఎడమదీ పెద్ద కుడిదీ, మట్టి తగలని కొత్త చెప్పులు, సంచిలో వేసి అటక మీద పెడుతుంది. "పారెయ్యబుద్ధి కాదంటది. సంచి నిండింది. పెట్టె తెచ్చింది. పెట్టె గూడ నిండింది సార్" అన్నాడు. ఒకే రకం చెప్పులు రెండు సైజుల్లో దొరకనప్పుడు ఒక కాలికి ఒకటి, ఇంకో కాలికి ఇంకోటి వేసుకుని, చీర కుచ్చిళ్ళు కిందికి వదిలి నడుస్తుందట.

"మీ వైపు కుట్టేవాళ్ళు లేరా?"

"ఉన్నరు. కాలు సూపియ్యాలె గద. ఆమె ఎవ్వరికి సూపియ్యది. మా పెండ్లి ఫోటోల గూడ చీర కిందికి గుంజుకొనే కూసున్నది. గీడ కుట్టెటోడైతె ఆమెను ఎన్నడు సూడడు."

వచ్చే నెలలో అతని బామ్మర్ది పెళ్ళి. పెళ్ళికొడుక్కి ఈమె ఒక్కతే అక్క. బరాత్‌లో అందరికంటే ముందు నడవాల్సిన మనిషి. "నేను రాను, ఇంటికాడ వంటలు సూస్కుంట అంటాంది" అన్నాడు. "జత చెప్పులు తెస్త, వేస్కొని ముందట నడువు అన్న. అటెనుక సరే అన్నది."

సెలవు మీద వెళ్ళడానికి అతనికి ఇంకా ఇరవై రోజులు ఉంది. కొలత కోసం ఒకసారి ఫోటో తెప్పించి నజ్మాలో జెరాక్స్ షాపులో ప్రింటు తీయించాడట. ఒకసారి అరచేయంత వచ్చింది, ఇంకోసారి అతని కాలంత వచ్చింది. ఆమె పాదమంత మాత్రం రాలేదు. అందుకే నా తెర దగ్గర అన్నాళ్ళు నిలబడ్డాడు.

"ఇంతేనా? ఇది నాకు వదిలెయ్" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే మూసెయ్యాలనిపిస్తుంది.

ఏం చెయ్యాలో చెప్పాను. పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు రెండు పాదాలూ పెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీయాలి. పక్కన పిల్లాడి స్కూలు స్కేలు పెట్టాలి. సరిగ్గా పైనుంచి ఫోటో తీయాలి. ఆమె గది తలుపు గడియ పెట్టుకుని తానే గీసుకుని, తానే ఫోటో తీసి పంపింది. మొదటిది గుమ్మంలోంచి తీసినట్టు ఏటవాలుగా ఉంది. రెండో దాంట్లో ఆమె తల నీడ మడమల మీద పడింది. మూడోది సరిపోయింది. ముగ్గురం కలిసి ఏదో పెద్ద కట్టడం కడుతున్నట్టు నాకు భలే హుషారొచ్చింది.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక క్యాబిన్ తలుపు మూసి, లైట్లు ఆర్పి, కిటికీ పరదా దించాను. మానిటర్ వెలుతురు పూర్తిగా పెంచాను. మధ్యలో తెర నిద్రపోకుండా ఆ సెట్టింగు తీసేశాను. ఫోటోలోని స్కేలు మీద నా స్టీలు స్కేలును ఆనీ ఆననట్టు పట్టుకుని, అక్కడి పది సెంటీమీటర్లు ఇక్కడి పది సెంటీమీటర్లు అయ్యేదాకా బొమ్మను పెంచుతూ తగ్గిస్తూ పోయాను. సరిపోయాక మౌసును దూరంగా తోసేశాను, మోచెయ్యి తగిలితే మళ్ళీ మొదటికొస్తుంది. ట్రేసింగ్ పేపర్‌ను మానిటర్ చుట్టూ ఉన్న చట్రానికి అంటించాను. అద్దానికి టేపు తగలనివ్వలేదు. ముందుగా నాలుగు మూలలా నాలుగు గుర్తులు పెట్టాను, కాగితం జరిగితే పట్టుకోవడానికి. మెత్తటి పెన్సిల్, అదీ అరిగి మొద్దుబారింది. ఎడమచేత్తో మానిటర్ వీపు పట్టుకుని, కుడి అరచెయ్యి ఆనించకుండా, ఏమాత్రం నొక్కకుండా గీత పాకించాను. చిన్న పాదం బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి ఇంజనీరు దగ్గర్నుంచి ఏదో మెయిల్ వచ్చి, సరిగ్గా ఆ వేలి మీద డబ్బాలా తెరుచుకుంది. అది మాయమయ్యేదాకా పెన్సిల్ గాల్లోకి ఎత్తి నిలబడ్డాను.

పావుగంట పాటు నేను కదలకుండా ఉండటం మా అమ్మ చూసి ఉంటే నమ్మేది కాదు.

తెరకు ఏమీ కాలేదు. కానీ గీత మరీ పల్చగా ఉంది, చెప్పులు కుట్టేవాడి చేతిలో రెండు రోజులుంటే చెరిగిపోతుంది. పాలిటెక్నిక్‌లో మా డ్రాయింగు మాస్టారు ఒక అలవాటు చేశారు. ట్రేసింగ్ పేపర్ మీద పెన్సిల్ ముందు వైపు, ఇంకు వెనక వైపు. ఆ తర్వాత ముందు వైపు రబ్బరుతో రుద్దినా ఇంకు చెక్కుచెదరదు. నేనూ అలాగే కాగితం టేబుల్ మీద బోర్లించి, వెనక నుంచి నల్ల ఇంకుతో దిట్టంగా గీసి, పెన్సిల్ చెరిపేశాను. ఇంకు ఆరాక అదే వైపు పొడవులూ వెడల్పులూ అంకెలేశాను. కుడి, ఎడమ అని రాయలేదు. పాదం చూస్తే తెలియదా ఏంటి అనుకున్నాను.

నజ్మాలో డబ్బు పంపే దుకాణాల వెనక సందులో పెషావర్ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన చెప్పులు కుట్టేవాడు. ఇద్దరం వెళ్ళి కాగితం ఇచ్చాం. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చాలాసేపు చూసి, ఏమీ అడగకుండా తల ఊపాడు. మెరూన్ రంగు తోలు, మడమ వెనక పట్టీ. పది రోజుల్లో ఇస్తానన్నాడు. ఆ పది రోజులూ డ్యూటీలో ఉన్నానన్న మాటే గానీ, దారి మూసేశారని తెలిసి కూడా రెండుసార్లు టాక్సీ చేసుకుని, చుట్టూ తిరిగి, ఊరికే ఆ సందులోకి వెళ్ళి చూసొచ్చాను.

చెప్పులు గురువారం సాయంత్రం చేతికొచ్చాయి. నేను ఓవర్‌టైములో ఉన్నాను, అతనొక్కడే వెళ్ళి తెచ్చుకున్నాడు. అతని విమానం శనివారం మధ్యాహ్నం. శుక్రవారం పొద్దున ముఐథర్‌లో నా గదికి వచ్చాడు. నేను చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాను. చేతిలో చెప్పుల కవరు చూసి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను.

"ఏదీ, ఏదీ, చూపించు ముందు."

"మంచిగ కుట్టిండు సార్" అన్నాడు. మంచం చివర కూర్చున్నాడు. కవరు విప్పలేదు. నేల వైపు చూస్తూ అన్నాడు. "గని, ఇవి మా అటక మీద ఉన్నయే సార్."

"అటక మీద ఏంటి?"

వంగి, చెప్పులు తీసి నా ముందు జతగా పెట్టాడు. తోలు మెరుస్తోంది, కుట్టు ఎక్కడా వంకర లేదు. ఎడమది చిన్నది. కుడిది పెద్దది.

ముందు ఆ పెద్దాయన్ని తిట్టాను. ముసలాయనకు కళ్ళు కనబడవా, కుడి ఎడమ తెలియదా అని నోటికొచ్చినట్టు అన్నాను. అతను జేబులోంచి మడత పెట్టిన ట్రేసింగ్ పేపర్ తీసిచ్చాడు. కిటికీకి ఆనించి చూశాను. అంకెలు చక్కగా చదవడానికి వస్తున్నాయి. ఎడమ చిన్నది, కుడి పెద్దది. కాగితం తిప్పాను. అంకెలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. ఎడమ పెద్దది, కుడి చిన్నది.

తెర మీద గీసింది ఈ వైపు. నేను దిద్దిందీ రాసిందీ ఆ వైపు. రాత ఉన్నవైపే ఎవరైనా చూస్తారు. పదహారేళ్ళ సర్వీసు నాది. ఒక్క అక్షరం, ఒక మూల ఒక్క అక్షరం రాయలేకపోయాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"తప్పు నాదే తమ్ముడూ" అన్నాను.

"పోనియ్యుండ్రి సార్. మిగిలినయి మిగిలినట్టే."

తిట్టి ఉంటే బాగుండేది. అంతలో అతని ఫోను మోగింది. ఆమే. చెప్పులు చూపించమని అడుగుతోందని అతని ముఖం చూస్తేనే తెలిసింది. "ఇంక కుట్టుడు కాలే" అన్నాడు. "ఆ, పనెక్కువున్నదట. ఎనుక పంపిస్తరు. వస్తయ్, పెండ్లిలోపట వస్తయ్. నేనేమన్న అబద్ధం ఆడుతున్ననా?" అని పెట్టేశాడు.

"నా వల్ల తప్పయిందని చెప్పలేకపోయావా?"

"కాగితం మీద ఆమె కాలు మీరు సూసిన్రని ఆమెకు ఎర్కే సార్. మీ పేరు చెప్తె, ఇంక అందరికి తెలిసిపోయిందనుకుంటది" అన్నాడు.

చొక్కా సగం ఇస్త్రీతోనే తొడుక్కుని, చెప్పుల కవరూ కాగితమూ పట్టుకుని బయల్దేరాను. శుక్రవారం, నమాజు అయ్యేదాకా దుకాణం మూసే ఉంటుందని తెలుసు. అయినా గదిలో కూర్చోలేక ముందే వెళ్ళి ఆ సందులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అన్నం మాట మరిచిపోయి మూడు కరక్ చాయ్‌లు తాగాను. పెద్దాయన వచ్చాక కాగితం ఇటూ అటూ తిప్పి చూపించాను. ఆయన నెమ్మదిగా, "మైనే తో లిఖా హువా సైడ్ దేఖా, భాయ్" అన్నాడు. రాసి ఉన్న వైపే చూశానని. పొద్దున ఆయన్ని అన్న మాటలు గుర్తొచ్చి నాకు ముఖం చెల్లలేదు. వీటిని విప్పి అటూ ఇటూ మార్చడానికి కుదరదు, అడుగు అట్టలు వేరు, మళ్ళీ కొత్తగా కుట్టాలి, సోమవారం అన్నాడు. శనివారం అని బతిమాలాను. సోమవారం అన్నాడు.

శనివారం అతను ఖాళీ చేతులతో విమానం ఎక్కాడు. పెట్టెలో దుప్పట్లు, పాలపొడి, పిల్లాడికి బంతి, అన్నీ ఉన్నాయి. ఆమె అడిగింది ఒక్కటే, అది లేదు.

సోమవారం డ్యూటీ దిగీదిగకముందే నజ్మాకు వెళ్ళాను. ఈసారి అదే కొలతతో రెండు అట్టముక్కలు కత్తిరించి, ఒక్కోదాని మీద ఎర్ర మార్కర్‌తో ఎడమ, కుడి అని రాసి తీసుకెళ్ళాను. చెప్పులు వాటి మీద పెట్టి చూశాను. చాలక నేనే పక్కన నిలబడి నా కాళ్ళు చూసుకుని, ఇది ఎడమ, ఇది కుడి అని పైకే అనుకున్నాను. పెద్దాయన నవ్వుకున్నాడు. నవ్వుకోనీ అనుకున్నాను. పాత జతను కూడా కవర్లో పెట్టి ఇచ్చేశాడు, తనకెందుకని.

క్యాంపులో వాళ్ళ పక్క ఊరి మేస్త్రీ ఒకతను మూడు రోజుల్లో ఇంటికి వెళ్తున్నాడు. ఊరికి వెళ్ళేవాడి పెట్టెలో పది ఇళ్ళ పొట్లాలుంటాయి, అది అక్కడ మామూలే. నేను నా పొట్లం అతని చేతిలో పెట్టి, సామాన్లతో పాటు పంపకుండా చేతిసంచీలో పెట్టుకోమన్నాను. "అంత ఖరీదైనయా సార్ ఇందుల?" అని అనుమానంగా అడిగాడు. చెప్పులన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు.

తర్వాత ఏ కబురూ లేదు. వారం గడిచింది. పొట్లం చేరిందో లేదో, చేరితే పట్టాయో లేదో, పెళ్ళి తేదీ దగ్గర పడుతోంది. నేనే ఫోన్ చేద్దామని నంబరు తీసి, మళ్ళీ పక్కన పెట్టేవాణ్ణి. ఆ ఇంట్లో నా పేరు ఎలా వినబడుతుందో నాకు తెలియదు. సైటులో ఒకరోజు మ్యాన్‌హోల్ డ్రాయింగు మీద నాలుగు పక్కలా ఎడమ, కుడి అని రాసిచ్చాను. ఫోర్‌మన్ నా ముఖం చూసి, బాబూ సెలవు పెట్టి పడుకో అన్నాడు.

పొట్లం పంపిన పదకొండో రోజు మధ్యాహ్నం ఫోటో వచ్చింది.

ఫంక్షన్ హాలు ముందు బరాత్ ఆగినప్పుడు తీసింది. ముందు వరసలో పసుపు చీర కట్టుకున్న మనిషి నిలబడి ఉంది. ఆమె ముఖం నేను చూడటం అదే మొదటిసారి, కానీ ముందు ముఖం చూడలేదు. వెనక కట్టిన ఫ్లెక్సీ మీద పెళ్ళికొడుకు పేరు చదివాను. అక్షరాలు నేరుగా ఉన్నాయి. అంటే ఫోటో అడ్డం తిరగలేదు. అది ఖాయం చేసుకున్నాకే కిందికి చూశాను. కుచ్చిళ్ళు రెండు వేళ్ళు పైకి కట్టుకుంది. మెరూన్ చెప్పులు. ఎడమది పెద్దది. కుడిది చిన్నది.

క్యాబిన్‌లో అందరూ ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఫోటో వెనకే ఒక వాయిస్ మెసేజ్ కూడా వచ్చింది. బయటికి వెళ్ళి పైపుల నీడలో నిలబడి విన్నాను. అతని గొంతు అనుకున్నాను. ఆమెది. వెనక డప్పులు మోగుతున్నాయి, గట్టిగా మాట్లాడుతోంది.

"అన్నా, అన్ని ఈయన చెప్పిండు. తప్పువోయినందుకు మీరు అన్నం గూడ తినలేదట. తినుండ్రి అన్నా. హాలు దాక ముందట నడిశిన. ఇన్నేండ్లకు ఒక్కటే జత వచ్చింది మా ఇంటికి. ఈసారి పెట్టెల ఏం మిగల్లే."

మిగిలిన జత నా టేబుల్ కింది సొరుగులో ఉంది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.